ఈడ లేడు

మేడిమాకులపల్లె, బద్వేలు తాలూకా
1920 జనవరి, మూడో ఆదివారం

నా కోడలు కృపమణికి,

బాగున్నానని రాస్తే నువ్వు నమ్మవు. బాగలేనని రాస్తే నా తమ్ముడు, అదే మీ నాయన ఏసన్న, పత్తికొండనుంచి రైలు కోసం పరుగెత్తుతాడు. అందుకని ఏదీ రాయకుండా ఇన్నాళ్ళూ ఊరకున్నాను. నాకు వచ్చిన నాలుగు అక్షరాలు దొరసాని బడిలో దిద్దించినవే కదా. ఒత్తులు ఎక్కడన్నా తప్పితే నువ్వే సరిచేసుకొని చదువుకో.

మన మగ్గం గుంతలో ఇప్పుడు కోడి పొదిగింది. నా రూబేను కాళ్ళు పెట్టుకొని నేసిన చోటే. తరుముదామని చీపురు ఎత్తి మళ్ళీ దించినాను. గుంత ఊరికే ఉండేదానికన్నా అందులో ఏదో ఒక ప్రాణం ఉండడం మేలనిపించింది. నేను పక్కింటి మల్లక్క వాళ్ళ మగ్గానికి నూలు కండెలు చుట్టిపెడుతున్నాను. వాళ్ళు జొన్నలు పెడతారు. ఒక్కదానికి ఎంత కావాలి. పొద్దున కెలికిన సంగటి మాపటికీ ఉంటుంది, మాపు తినకపోతే మళ్ళీ పొద్దునకూ ఉంటుంది.

మన గుడికి కొత్త ఉపదేశి వచ్చినాడు. గిడ్డయ్య అని, జమ్మలమడుగు దిక్కు మనిషి. ఇల్లిల్లూ తిరిగి పలకరిస్తూ మనింటికీ వచ్చినాడు. "ఇంట్లో ఎందరుంటారమ్మా?" అని అడిగినాడు. "ముగ్గురం" అన్నాను. "తక్కిన ఇద్దరూ యాడికి పోయిండారు?" అన్నాడు. "కోడలు పుట్టింటికి పోయిండాది. కొడుకు" అని ఆగిపోయినాను. గోడ అవతలినుంచి మల్లక్క అందుకొంది. "ఆయమ్మ కొడుకు ముందటేడు పెద్ద జొరంలో పోయినాడు సామీ. ఈయమ్మ ఇంకా ఒప్పుకోల్యా."

తర్వాత ఆయన సిలువ మిట్ట సంగతి అడిగినాడు. వాళ్ళ దిక్కు ఈ ఆచారం లేదంట. తెలిసినంత చెప్పినాను. సిలువ శుక్రవారం చుట్టుపక్కల పల్లెల కిరస్తానీలమంతా ఉపవాసంతో నడిచి మిట్ట కిందికి చేరతామని, ఆదివారం తెల్లవారుతుండగా పైకి ఎక్కుతామని, పొద్దు పొడిచేటప్పుడు ఆ ఏడు పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారని. "ఫలానావాడు యాడ?" అని సంఘం పెద్ద అడిగితే పోయినవాని ఇంటివాళ్ళు "ఈడ లేడు" అనాలి. అప్పుడు జనమంతా "లేచినాడు" అంటారు. ప్రభువు సమాధి దగ్గరికి పోయిన ఆడవాళ్ళతో దూత చెప్పిన మాటే అది.

"ఇంటివాళ్ళంటే ఎవరమ్మా? పెండ్లామా?" అన్నాడు.

"తల్లి బతికుంటే తల్లే అనాల సామీ. తల్లీ తండ్రీ లేకుంటేనే పెండ్లాము. ఎవరూ అనకపోతే ఆ పేరు మరుసటేటికి నిలిచిపోతాది."

"పోయినేడు నీ కొడుకు పేరు?"

"నిలిచిపోయె."

ఆయన మజ్జిగ తాగి పోయినాడు.

శ్రమల దినాలు దగ్గర పడుతున్నాయి. ఈ ఏడు నేను మిట్టకు పోను. పోయినేడు అంతమందిలో నోరు పెగలక నిలబడింది చాలు. నువ్వు ఆశ పెట్టుకోకుండా ముందే రాస్తున్నాను. మీ నాయన దగ్గు ఎట్లా ఉంది?

నీ అత్త
జీవమ్మ


పత్తికొండ
ఫిబ్రవరి, రెండో వారం

అత్తకు,

నీ జాబు చేరింది. నాయన చదవమన్నాడు, చదివినాను. కోడి సంగతి వచ్చినప్పుడు నవ్వినాడు. ఆ తర్వాత పై గుడ్డ భుజాన వేసుకొని బయటికి పోయి శానాసేపు రాలేదు.

ఇక్కడ పత్తి ఏరడం అయిపోయింది. ఇప్పుడు శెనక్కాయలు ఒలిచే పనికి పోతున్నాను. గోళ్ళు అరిగిపోయి పెన్ను పట్టుకుంటే మంట. మొన్న పెద్ద గాలికి మా కొట్టం కప్పు సగం లేచిపోయింది. నాయన నిచ్చెన ఎక్కలేడు. బావులు తవ్వే ఓబన్న అని మన సంఘపు మనిషే, వచ్చి బోద గడ్డి తెచ్చి కప్పిపోయినాడు. నాయన దగ్గు రాత్రిపూట ఎక్కువ, పగలు తక్కువ.

అత్తా, మిట్టకు పోనని రాసినావు. నేను బలవంతం చేసేదాన్ని కాదు. కానీ ఒకటి చెప్పుకోవాలని ఉంది. సమాధి దగ్గరికి పోయిన ఆడవాళ్ళు ఆయన్ను చూసేదానికి పోలేదు, శవానికి పూసేదానికి సుగంధాలు తీసుకొని పోయినారు. పోయినవాడు పోయినాడనే పోయినారు. ఈడ లేడు అని దూత చెప్పినప్పుడు వాళ్ళు సంతోషపడినారని రాయలేదు. వణికి పారిపోయినారని రాసినారు. ఎవరికీ ఏమీ చెప్పలేదంట. ఆ మాట వింటే మొదట ఎవరికైనా భయమే. అంతమంది చూస్తుండగా నీకు నోరు పెగలలేదంటే అది తప్పు ఎట్లా అవుతుంది.

ఈ ఏడు నేనూ వస్తాను. ఎర్రగుంట్లలో రైలు దిగి బద్వేలు దిక్కు పోయే బండి ఏదైనా పట్టుకుంటాను. ఇద్దరం కలిసి ఎక్కుదాం. నువ్వు నా చెయ్యి పట్టుకొని నిలబడు. తక్కినది దేవుని చిత్తం.

మల్లక్క పిన్నమ్మకు నా దండాలు చెప్పు.

కృపమణి


మేడిమాకులపల్లె
మార్చి, మొదటి ఆదివారం

కృపమణికి,

నీ జాబు చూసినాక రోజూ పొద్దు వాలేటప్పుడు గడపలో కూర్చొని ఆ భాగాలన్నీ వేలు పెట్టి చదువుతున్నాను. నీ అంత వేగంగా రాదు. ఒక్కొక్క మాటకు ఆగి, అది లోపలికి పోయినాక ఇంకొకదానికి పోతాను. అట్లా చదివితే కొన్ని సంగతులు గుడిలో వినేటప్పుడు తగలనివి తగులుతాయి.

సిలువ దగ్గర ఆయన తల్లి నిలబడి ఉండినదని రాసినారు. ఏడ్చిందని రాయలేదు. పడిపోయిందని రాయలేదు. మేకులు కొట్టేది విన్నది, దప్పిక అని అడిగేది విన్నది, నీళ్ళు ఇచ్చేదానికి లేదు. అంతా చూసింది. నేను ఆయమ్మను చూసి అసూయ పడుతున్నానని రాస్తే నన్ను పాపిష్టిది అంటావు. కానీ నిజం. ఆయమ్మ చూసింది. నేను ఏం చూసినాను? అదే జ్వరంలో నేను ఒళ్ళు తెలియకుండా పడి ఉండినాను. లేచి కూర్చునేసరికి వాని మంచం గోడకు ఆనించి ఉండె. "వాడు యాడ?" అంటే అందరూ నేల చూసినారు. పాతిపెట్టిన మన్ను కూడా అప్పటికి ఆరిపోయి ఉండె.

తోమా అనేవాడు గాయాలు చూస్తే గానీ ఆయన బతికినాడని నమ్మనన్నాడు. నేను తిరగేసిన తోమాను. చూస్తే గానీ వాడు చచ్చినాడని నమ్మను.

ఇంకొకటి. సమాధిలో తలకు చుట్టిన గుడ్డ తక్కినవాటితో పడి ఉండలేదంట, విడిగా చుట్టి పెట్టి ఉండెనంట. ఇది చదివి నేను నవ్వినాను. మరణాన్ని గెలిచి లేచిన వానికి గుడ్డ మడిచి పెట్టే పని ఎందుకు? తల్లి నేర్పి ఉంటుంది. లేచినాక నీ పక్కబట్ట నువ్వే ఎత్తుకోవాలని కొట్టి నేర్పి ఉంటుంది. రూబేనుకు నేను నేర్పినట్లే.

అయితే అంత బుద్ధిగా గుడ్డ మడిచినవాడు తల్లి దగ్గరికి పోయినట్లు ఎక్కడా రాయలేదే. మగ్దలేనే మరియకు కనపడినాడు. పేతురుకు కనపడినాడు. దోవన పోయే ఇద్దరికి కనపడినాడు. చేపలు పట్టే వాళ్ళకు పొద్దున్నే చేపలు కాల్చిపెట్టినాడు. తల్లి సంగతి లేదు. గిడ్డయ్యను అడిగినాను. ఆయన పుస్తకం తెరిచి శానాసేపు చూసి, "రాయలేదమ్మా. ఎందుకు రాయలేదో నాకూ తెలీదు" అన్నాడు. తెలిసినట్లు నటించనందుకు ఆయన మీద నాకు గురి కుదిరింది.

మల్లక్క ఇదంతా విని, "మీ సామి మూడు దినాలకే లేసినాడంటివి. మా ఇంటాయన తిరనాళ్ళకు పోయొచ్చి పండుకుంటే నాలుగు దినాలకు గానీ లేయడు. అట్లాంటోన్ని లేపే దేవుడు యాడన్నా ఉంటే సెప్పు జీవక్కా, నేనూ మీ గుడికి వస్తా" అంది. ఆ పూట ఇద్దరం కండెలు పక్కన పెట్టి కడుపు నొచ్చేదాకా నవ్వినాము. వాడు పోయినాక నవ్వడం అదే మొదలు. ఇంటికి వచ్చినాక నవ్వినందుకు శానా ఏడ్చినాను.

మల్లక్కే ఇంకొక మాట కూడా చెప్పింది. వాళ్ళ అల్లుడు నూలు కోసం ఆదోని దిక్కు పోయి వచ్చినాడంట. పత్తికొండలో ఏసన్న కూతురికి మారుమనువు మాట నడుస్తోందని అక్కడెవరో అన్నారంట.

ఓబన్న ఎవరు?

జీవమ్మ


పత్తికొండ
మార్చి నడిమి వారం

అత్తకు,

నువ్వు అడిగినావు కాబట్టి దాచను. అడగకపోయినా మిట్ట దగ్గర నేనే చెబుదామనుకున్నాను. జాబులో రాయడానికి ధైర్యం చాలలేదు.

ఓబన్న భార్య కూడా అదే పెద్ద జ్వరంలో పోయింది. ఆయనకు నాలుగేళ్ళ కూతురు ఉంది, జ్ఞానమణి అని. వాళ్ళ నాయన బావిలోకి దిగితే పైకి వచ్చేదాకా గట్టున కూర్చొని పేరు పెట్టి పిలుస్తూ ఉంటుంది. ఆయన లోపలినుంచి పలుకుతూ ఉండాలి. పలకకపోతే ఏడుస్తుంది. ఆ పిల్ల నా దగ్గరికి అలవాటు పడింది. తన తర్వాత నాకు ఎవరు అని మా నాయన దిగులు. ఇవన్నీ కారణాలని రాయడం లేదు అత్తా. నాకే ఇష్టం ఉంది. నీకు అబద్ధం రాయలేను.

పేరు నిలిచి ఉండగా ఆ ఇంటి కోడలికి మారుమనువు చేయరాదని మన పల్లె పెద్దల కట్టుబాటు. ఓబన్న అది విని, "ఆయమ్మ ఎప్పుడంటే అప్పుడే. ఈ ఏడు కాకుంటే వచ్చే ఏడు. తొందరేముండాది" అన్నాడు. ఆయన మంచిగా అన్నాడు. కానీ నాయన అప్పటికి ఉంటాడో లేదో.

నేను నిన్ను మిట్టకు రమ్మన్నది ఇందుకేనని నువ్వు అనుకుంటావు. కొంత ఇందుకే. అంతా ఇందుకే కాదు.

నా మీద కోపం ఉంటే రాయి. రాయకుండా మాత్రం ఉండొద్దు.

కృపమణి


మేడిమాకులపల్లె
మార్చి, ఆ మరుసటి వారం

కృపమణికి,

కోపం ఉంటే రాయమన్నావు. రాస్తున్నాను.

నీకు నా నోటినుంచి ఆ ఒక్క మాట కావాలి. నేను నా కొడుకు లేడని అంటే నువ్వు పసుపు బట్ట కట్టుకుంటావు. ఆ మాట అనేదానికి నాకు ఏం తెలుసు? నువ్వు చూసినావు. నువ్వు వాని నోట్లో చివరి నీళ్ళు పోసినావు. కండ్లు నువ్వు మూసినావు. పక్కనే చేయి చాపితే అందేంత దూరంలో నేను పడి ఉంటే నన్ను లేపలేదు. తొమ్మిది నెలలు మోసినదాన్ని, తండ్రి పోయినాక చెట్టుకు ఉయ్యాల కట్టి, పరాయి చేలల్లో కలుపు తీసి సాకినదాన్ని. నా చెంప మీద కొట్టి అయినా లేపి ఉండాల్సింది. గుక్కెడు నీళ్ళు మొహాన చల్లి ఉండాల్సింది.

ఏడాదిన్నర నుంచి ఈ మాట నా లోపల పొయ్యి కింద నిప్పు మాదిరి ఉంది. నువ్వు ఇంట్లో ఉండినప్పుడు కూడా ఉండె. నీ మొహం చూసి అనలేక మింగినాను. మీ నాయన వచ్చి నిన్ను పిలుచుకొని పోతానంటే నేను వద్దనకపోవడానికి కారణం ఇదే. నువ్వు అది నా మంచితనం అనుకున్నావు.

నువ్వు రావద్దు. నేను మిట్టకు పోను. పోయేదానికి నాకు కారణం లేదు.

జీవమ్మ


పత్తికొండ
మట్టల ఆదివారం

అత్తకు,

నీ జాబు వచ్చినప్పటినుంచి రాయాలా వద్దా అని చూస్తున్నాను. ఈరోజు గుడిలో పిల్లలు ఈత మట్టలు పట్టుకొని తిరిగినారు. జ్ఞానమణి తన మట్ట నా చేతికిచ్చి నిద్రపోయింది. ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకొనే ఇది రాస్తున్నాను.

నేను నిన్ను లేపినాను అత్తా.

అప్పుడు నిండు మధ్యాహ్నం. మన వీధిలో నీళ్ళు తెచ్చే మనిషి లేడు. మల్లక్క పిన్నమ్మ గోడ మీద కడవ పెట్టి పోతా ఉండె, లోపలికి వచ్చేదానికి భయపడి. నాకు జ్వరం విడిచి ఇంకా కాళ్ళు నిలవడం లేదు. ఆయన మంచం మీద, నువ్వు గోడ పక్కన చాప మీద. ఆయన "అమ్మను పిలువు" అన్నాడు. నేను వచ్చి నిన్ను కుదిపినాను. నీళ్ళు చల్లినాను. నువ్వు కండ్లు తెరిచినావు. నీ చంకల కింద చేతులు వేసి ఈడ్చుకొని మంచం దగ్గరికి తెచ్చి, నా భుజానికి ఆనించి కూర్చోబెట్టినాను.

నువ్వు ఆయన్ను బాగా చూసినావు. కొంగుతో మొహం తుడిచినావు. మెడ కింద చెమట తుడిచినావు. తర్వాత నా దిక్కు తిరిగి, "ఎవరి బిడ్డమ్మా ఈ పిల్లోడు? ఇంత జొరం పెట్టుకొని ఉంటే వాళ్ళమ్మ యాడికి పోయిండాది?" అన్నావు.

"నీ కొడుకే అత్తా, రూబేను" అన్నాను. నీకు అందలేదు. నువ్వు అప్పటికే వాలిపోతున్నావు.

ఆయన నవ్వినాడు. నిజంగా నవ్వినాడు అత్తా, పెదవులు పగిలి రక్తం కనపడింది. "శానా అలిసిపోయిండాది. పండుకోనీ" అన్నాడు. కొంచెంసేపు ఆగి, "లేసినాక ఈ మాట ఆయమ్మకు సెప్పొద్దు. గుర్తుపట్టల్యాదని కుమిలిపోతాది" అన్నాడు. ఇంక మాట్లాడలేదు. పొద్దు వాలేసరికి అయిపోయింది. మరుసటి రోజు మగమనుషులు నలుగురు దొరికేదే కష్టమైంది. నువ్వు లేచేదాకా ఉంచేదానికి లేకపోయింది.

ఆయన మాట నిలుపుకుందామని ఇన్నాళ్ళూ చెప్పలేదు. నువ్వు నన్ను ఏమనుకున్నా అనుకోనీ అనుకున్నాను. నీ కోపం నాకు ముందే తెలుసు. కడవ ఎత్తేటప్పుడు, సంగటి ముద్ద నా తట్టలో వేసేటప్పుడు నీ చెయ్యి చెప్పేది. కానీ నువ్వు చూడలేదని నీ మనసులో గట్టిపడిపోతోంది. అది నిజం కాదు కాబట్టి ఆయన మాట తప్పినాను.

మారుమనువు సంగతి నువ్వు మరిచిపో. ఓబన్నతో నేను చెప్పుకుంటాను.

కృపమణి


మేడిమాకులపల్లె
గురువారం, మిట్టకు బయలుదేరే ముందు

అమ్మా కృపమణి,

నీ జాబు నిన్న చేరింది. దాన్ని చదివి మడిచి పెట్టి, మళ్ళీ తీసి చదివి, పొయ్యి ముట్టించకుండానే ఉండిపోయినాను. పొగ రాలేదని మల్లక్క వచ్చి చూసింది. ఆయమ్మకు చదివి వినిపించినాను. ఆయమ్మ నా తల తన ఒళ్ళో పెట్టుకొని పేను చూసినట్లు చూస్తా కూర్చుంది, పేన్లు లేకపోయినా.

నాకు ఒక్కటి కూడా జ్ఞాపకం రావడం లేదు. వాని మొహం తుడిచినానని నువ్వు రాసినావు. నా కొంగుకు తెలిసి ఉంటుంది, నాకు తెలియదు. మగ్దలేనే మరియ కూడా ఆయన ఎదురుగా నిలబడి ఉంటే తోటమాలి అనుకుంది. ఆయన పేరు పెట్టి పిలిస్తే గుర్తుపట్టింది. వాడు పిలిచినా నేను గుర్తుపట్టలేదు. కానీ ఇంకొక దిక్కునుంచి చూస్తే, ఎవరి బిడ్డో అనుకొని కూడా తుడిచినాను కదా. ఆ తుడిచింది వానికి అందింది కదా. వాడు నవ్వినాడంటివి.

ఆయన తల్లి దగ్గరికి ఎందుకు పోలేదని మొన్న రాసినాను. ఇప్పుడు అనిపిస్తోంది, పోయే ఉంటాడు. ఏదో ఒక మధ్యాహ్నం, ఆయమ్మ బియ్యమో గోధుమలో చెరుగుతుంటే పోయి ఉంటాడు. ఆయమ్మ ఎవరికీ చెప్పి ఉండదు. శిష్యులు వచ్చి అడిగినా చెప్పి ఉండదు. అట్లాంటివి తల్లి బయట చెప్పుకోదు. అందుకే పుస్తకంలోకి రాలేదు.

నీ మీద అన్నవన్నీ అన్నాను. అన్నవి తిరిగి నోట్లోకి రావు. నువ్వే ఎట్లన్నా సర్దుకో.

నువ్వు బయలుదేరొద్దు. కోపంతో కాదు. నువ్వు పక్కన నిలబడితే నీకోసం అన్నట్లు అవుతుంది. అనేదేదో నేను వానికోసం అనాలి. ఓబన్నతో ఏమీ చెప్పొద్దు. ఆగు.

ఈ జాబు బద్వేలుకు పోయే మల్లక్క అల్లునికి ఇచ్చి నేను ఇప్పుడు నడక మొదలుపెడతాను.

నీ అత్త
జీవమ్మ


మేడిమాకులపల్లె
పండుగ మరుసటి దినం

కృపమణికి,

మిట్టకు పోయి వచ్చినాను. కాళ్ళు బొబ్బలెక్కినాయి. గుంజుతా ఉంటే కూర్చొని రాస్తున్నాను.

శుక్రవారం ఎండ నిప్పులు. కిందనే చెట్లు లేని చోట కూర్చున్నాము. గిడ్డయ్య శ్రమల కథ చదివినాడు. దప్పిక అనే మాట వచ్చింది. మా అందరికీ గొంతులు ఎండే ఉండినాయి కాబట్టి ఎవరికీ విప్పి చెప్పే పని లేకపోయింది. శనివారం ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఆ దినం గురించి పుస్తకంలో కూడా పెద్దగా ఏమీ రాయలేదు, నువ్వు గమనించినావా? శుక్రవారం ఉంది, ఆదివారం ఉంది. నడుమ ఆ ఆడవాళ్ళు విశ్రాంతిగా ఉండినారని ఒక్క మాటే. ఊరికే కూర్చొని ఉంటారు. నాకు ఆ దినం బాగా తెలుసు. ఏడాదిన్నరగా నేను ఉన్నది ఆ దినంలోనే.

ఆదివారం పైకి ఎక్కినాము. నిలిచిపోయిన పేర్లు ముందు పిలుస్తారు కదా. ఈ ఏడు నిలిచిన పేరు వాడొక్కనిదే. సంఘం పెద్ద ఈరన్న ముందుకు వచ్చి, "రూబేను యాడ?" అన్నాడు.

అందరూ నా దిక్కు చూస్తున్నారు. పోయినేడు చూసినట్లే. నేను అన్నాను. నాకే వినపడేంత మెల్లగా అన్నాను.

పెద్ద ఈరన్న చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, "గట్టిగా అనమ్మా. నాకు సరిగా ఇనపడదు" అన్నాడు.

చూడు నా రాత. ఒక్కసారి అనేదానికే ప్రాణం పోతా ఉంటే మళ్ళీ అనాల్సి వచ్చింది. ఈసారి అరిచినాను. మిట్ట అవతలి చేనులో ఉండే వాళ్ళకు కూడా వినపడి ఉంటుంది. "ఈడ లేడు."

"లేచినాడు" అన్నారు అందరూ.

ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. పొద్దు రోజూ పొడిచినట్లే పొడిచింది. పిట్టలు రోజూ అరిచినట్లే అరిచినాయి. నాకు ఆకలైంది, అంతే. సిగ్గుగా కూడా అనిపించింది. కానీ ఆకలై శానాకాలమైంది.

ఆ తర్వాత గిడ్డమ్మ అని ఏటి అవతలి పల్లె పిల్ల, నీ ఈడుదే. చంటిబిడ్డ పోయినాడు. పేరు పిలిస్తే ఆ పిల్ల అనలేదు. తల దించుకొని నిలబడిపోయింది. వెనకనుంచి ఎవరో, "అనెయ్యి పాపా, ఎండెక్కుతాంది" అన్నారు. నేను పోయి ఆ పిల్ల పక్కన నిలబడినాను. "అనకపోతే ఏమీ కాదు లేమ్మా. వచ్చే ఏటికి నిలుస్తాది. నాదీ నిలిచిండె" అన్నాను. ఆ పిల్ల నా భుజం పట్టుకొని మిట్ట దిగేదాకా వదల్లేదు.

ఇంక నీ సంగతి. పెద్ద ఈరన్నతో, గిడ్డయ్యతో అక్కడే చెప్పినాను, నా కోడలికి ఇంక ఏ అడ్డమూ లేదని. ఓబన్నతో మనువు కానీ. మీ నాయన ఉండగానే కానీ. నేను పెండ్లికి రాను. వస్తే నీ కన్ను నా మీదే ఉంటుంది, నా కన్ను ఎక్కడ ఉంటుందో నీకు తెలుసు. అందరూ మనిద్దరినీ చూస్తారు గానీ పెండ్లికొడుకును ఎవరూ చూడరు. అది ఆయనకు మర్యాద కాదు. వాన పడినాక, బావి పనులు తగ్గినాక ముగ్గురూ రాండి. జ్ఞానమణి ఏం తింటుందో ముందే రాయి. కారం తినగలదా?

నువ్వు నా కోడలివి కాకపోయినా నా తమ్ముని కూతురివి. అది ఏ మిట్ట మీదా చెప్పి తెంచేది కాదు.

నిన్న పొద్దు వాలేటప్పుడు ఊరు చేరినాను. మల్లక్క వాళ్ళు చేనికి పోయినట్లున్నారు, వీధిలో ఎవరూ లేరు. మూట చేతిలోకి దించుకొని గుమ్మం ముందర నిలబడి, "రూబేనూ, తలుపు తీయి నాయనా" అని పిలిచినాను. ముప్పై ఏండ్ల నాడు వాడు నడక నేర్చినప్పటినుంచి ఉన్న అలవాటు. పిలిచి, తీస్తాడని నిలబడినాను కూడా. మూట బరువుకు చెయ్యి గుంజుతా ఉంటే అటు చేతినుంచి ఇటు చేతికి మార్చుకొని నిలబడినాను.

తర్వాత చూసుకుంటే తాళం బయటే వేసి ఉంది. బీగం చెవి నా కొంగుకే కట్టి ఉంది.

ముడి బిగిసిపోయి పండ్లతో విప్పాల్సి వచ్చింది. విప్పి, తాళం నేనే తీసుకొని, లోపలికి పోయినాను.

జీవమ్మ